చదివింపుల చిట్టా



నేఁడు నేను చెప్పఁబూనిన విషయము శాస్త్రగ్రంథములలో నున్నదే గాని, దానికి సాక్ష్యము మీ యిండ్ల పెట్టెలలోనే యున్నది. పెండ్లిపందిటిలోఁ దలంబ్రాలు ముగిసిన పిమ్మటఁ బురోహితుఁడు గొంతెత్తి, "ఫలానావారు వధూవరులకు నూటపదాఱు రూపాయలు చదివించినారు" అని పలుకుట మనము చిన్ననాఁటినుండి వినుచున్నదే. ప్రక్కఁ గూర్చున్నవాఁ డొకఁడు పేరు, ఊరు, మొత్తము పుస్తకములో నెక్కించును. ఆ పుస్తకమునకుఁ బసుపు రాచి పెట్టెలో దాఁచుదుము. ఫలానావారి యింట శుభకార్యము వచ్చినపుడు దానిని బయటికిఁ దీసి పుటలు త్రిప్పుదుము. ఇప్పుడు కొన్ని పందిళ్లలోఁ జదువుట మాని కవరులలోఁ బెట్టి యిచ్చుచున్నారు. దూరమున నున్నవారు చేతిఫోనుతోనే సొమ్ము పంపుచున్నారు. రూపము మాఱినది గాని చిట్టా మాఱలేదు.

నేను సంస్కృతాంధ్రములు చదివికొని ముప్పదియేండ్లు బడిలోఁ బాఠములు చెప్పినవాఁడను. జీవశాస్త్రపండితుఁడను గాను. అయినను, మనుష్యుఁడు తాను గడించిన దానిని పరున కేల యిచ్చునను ప్రశ్న నన్నుఁ జాలకాలము బాధించినది. దానికి మా యింట జరిగిన యొక సంగతియే కారణము. మొదట దానినే మనవి చేసెదను.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన యుప్పెన మీలోఁ బెద్దవారికి జ్ఞాపకముండును. మా యూరు సముద్రమునకు దూరమైనను గాలివానకుఁ జేతికి వచ్చిన పంట నేలఁగూలినది. మఱుసటి వేసవిలో మా యక్కగారి వివాహము జరిగినది. నేనప్పటికిఁ బ్రాచ్యకళాశాలలో విద్యార్థిని. పెండ్లినాఁటికి మాత్రమే వచ్చితిని. నా బాల్యమిత్రుఁ డొకఁడు, కౌలునకు భూమి చేసికొనువాఁడు, పందిటిలో నైదు రూపాయలు చదివించెను. మా తండ్రిగారు దానిని వ్రాసికొనిరి. తరువాత 2003వ సంవత్సరమున ఆ మిత్రుని కుమార్తెకుఁ బెండ్లి వచ్చినది. చిట్టా తీసి చూచితిని. అయిదు రూపాయలని యున్నది. నేను ఐదువందల పదాఱులు చదివించితిని. ఇచ్చినదానికి నూఱురెట్లు మించి యిచ్చితినని లోలోన నుప్పొంగుచు నింటికి వచ్చి మా యమ్మతోఁ జెప్పితిని.

ఆమె కొంతసే పూరకుండి, "నాయనా! ఆ బస్తా బియ్యము మాట యే పుటలో నున్నదిరా?" అని యడిగెను.

నాకు మాట తోఁచలేదు. అప్పు డామె చెప్పినది. పెండ్లికి రెండునాళ్లు ముందు మా యింట విందుకు బియ్యము చాలకపోయెనఁట. ఎవరివలన వినెనో, ఆ మిత్రుఁడు రాత్రివేళ దొడ్డిత్రోవను వచ్చి బియ్యపుబస్తా దింపి, "పంతులుగారికిఁ దెలియనీయకండమ్మా, నొచ్చుకొందురు" అని చెప్పి వెళ్లిపోయెనఁట. ఆ యేఁడు వాని పంటయు నేలఁగూలినదే. మా తండ్రిగారికిఁ దెలియలేదు గనుక నది చిట్టాలో నెక్కలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చిట్టాలో నున్న యైదు రూపాయల కొక కారణము, చిట్టాలో లేని బస్తా బియ్యమునకు వేఱొక కారణము నుండవలెను గదా! ఆ కారణములను వెదకుచు నేను చదివినదానిని వరుసగాఁ జెప్పెదను.

మొదటిది రక్తసంబంధము. 1859లో డార్విను మహాశయుఁడు జీవుల పరిణామమునుగుఱించి తన గ్రంథమును బ్రకటించెను. బ్రదుకుటకును సంతానమును నిలుపుకొనుటకును దోడ్పడు గుణములే తరతరములకు వ్యాపించునని యాయన సిద్ధాంతము. అట్లైనచో నిచ్చు గుణము నశింపవలెను గదా. ఇచ్చినవాఁడు నష్టపడును, దాఁచుకొన్నవాఁడు బలియును. తేనెపట్టులోఁ బనిచేయు నీఁగలు తాము పిల్లలఁ గనక, తల్లి కన్న పిల్లలనే పెంచుచు బ్రదుకు గడపుటను జూచి డార్వినే యది తన సిద్ధాంతమునకుఁ బెద్ద చిక్కని యొప్పుకొనెను. కుటుంబమంతటికిఁ గలుగు మేలులో దానికి సమాధానమున్నదని సూచించెను గాని లెక్క కట్టలేదు.

ఆ లెక్కను గట్టినవాఁడు హామిల్టను అను నాంగ్లేయుఁడు, సంవత్సరము 1964. దేహములోని జన్యువులు తలిదండ్రులనుండి బిడ్డకు సగము సగము వచ్చును. కనుకఁ దల్లికిని బిడ్డకును, తోఁబుట్టువులకును సగము పాలు. తాతకును మనుమనికిని, మేనమామకును మేనల్లునికిని నాలవ పాలు. అన్నదమ్ముల బిడ్డలకు నెనిమిదవ పాలు సమానము. ఇచ్చువానికిఁ గలుగు నష్టముకంటె, పుచ్చుకొనువానికిఁ గలుగు లాభమును ఈ పాలుచే గుణించినది మించినపుడు ఆ యిచ్చు గుణము లోకమున నిలుచునని హామిల్టను సూత్రము. ఉదాహరణము వినుఁడు. నాకు మానెఁడు గింజలు తగ్గుటచేఁ గలుగు కష్టము ఒకటి యనుకొనుఁడు. ఆఁకలితో నున్న తమ్మునికి వానివలనఁ గలుగు మేలు మూఁడు. అందులో సగము ఒకటిన్నర. అది నా కష్టముకంటె నెక్కువ. అదే పినతండ్రి కుమారుఁడైనచో మూఁడింట నెనిమిదవ పాలు, ఒకటికిఁ జాలదు. వాని యక్కఱ మఱింత తీవ్రమైనఁగాని చేయి సాఁగదు.

ఈ భావమును హామిల్టనుకంటె ముందే, 1955లో, హాల్డేను అను శాస్త్రజ్ఞుఁడు సూచించియుండెను. ఈయన మనకుఁ బరాయివాఁడు గాఁడు. 1957లో నింగ్లండును విడిచి కలకత్తా వచ్చి, భారతపౌరుఁడై, 1964 డిసెంబరు 1వ తేదీని భువనేశ్వరమునఁ గన్నుమూసెను. పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావుగారు ఆయన శిష్యులు. ఏటిలో మునుఁగుచున్న వానికొఱకు దూఁకు గుణము బంధువులవిషయమున నెట్లు నిలుచునో లెక్కచెప్పుచునే హాల్డేను ఒక మాట వ్రాసెను: తాను రెండుసార్లు నీటినుండి మనుష్యులను బయటికి లాగితిననియు, అప్పుడు లెక్కకట్టుటకుఁ దనకు వ్యవధి లేకపోయెననియు. ఈ మాటను మఱవకుఁడు. తల్లి బిడ్డకుఁ బాలిచ్చునపుడు భిన్నములు గుణింపదు. లెక్క ప్రకృతిది, ప్రేమ తల్లిది. ఆ ప్రేమ యేల పుట్టినదో చెప్పుటకే లెక్కగాని, ప్రేమ కల్లయని చెప్పుటకుఁ గాదు.

ఇది నిజమేనా యని చదివింపుల పద్దులనే పరీక్షించినవారు గలరు. యూదుల దేశమైన ఇస్రాయేలులోను బెండ్లికి సొమ్ము చదివించు నాచారమున్నది. అచ్చటి పెండ్లిండ్ల పద్దులను గొందఱు పండితులు పరిశీలించి 2018లోఁ బ్రకటించిరి. రక్తసంబంధము దగ్గఱయైనకొలఁది యీవి పెరుఁగుచున్నది. తండ్రివైపువారికంటెఁ దల్లివైపువా రధికముగా నిచ్చుచున్నారు. తల్లి యెవ్వరన్నది కంటఁ జూచినది, తండ్రి యెవ్వరన్నది నమ్మినది. కావున మాతృపక్షమున రక్తనిశ్చయ మెక్కువయని వారి వ్యాఖ్యానము. ఇది చదివినపుడు నాకు మన మేనమామలు జ్ఞప్తికి వచ్చిరి. పెండ్లికూఁతును గంపలోఁ గూర్చుండఁబెట్టి తెచ్చు నధికారము మనవా రెవ్వరి కిచ్చిరి? మేనమామకే గదా.

కాని నా మిత్రునికిని నాకును రక్తసంబంధము లేదు. కులమును వేఱే. కాఁబట్టి మొదటి కారణము బియ్యపుబస్తాకుఁ జాలదు.

రెండవది బదులు. 1971లో ట్రివర్సు అను నమెరికా పండితుఁడు, రక్తసంబంధము లేనివారికిని మేలుచేయు గుణ మెట్లు నిలుచునో వివరించెను. నేఁడు మన నాట్లకు వారు, రేపు వారి నాట్లకు మనము. ఇచ్చిననాఁడు నష్టము కొంచెమై, అందుకొన్ననాఁడు లాభము మిక్కుటమైనచో నిరువురును బాగుపడుదురు. అయితే పుచ్చుకొని యెగవేయువానిని గుర్తుంచుకొను శక్తి కావలెను. కృతజ్ఞత, మొగమాటము, నమ్మకద్రోహమునెడఁ గోపము, ఇవన్నియు నా శక్తికి సంబంధించిన గుణములే యని యాయన వాదము.

దీనికిఁ జక్కని నిదర్శనము గబ్బిలములలో దొరకినది. అమెరికాఖండపు టడవులలోఁ బశువుల నెత్తురు త్రాగి బ్రదుకు చిన్న గబ్బిలములు గలవు. వరుసగా రెండు మూఁడు రాత్రు లాహారము దొరకనిచో నవి చచ్చును. విల్కిన్సను అను పండితుఁడు కోస్టారికా దేశమున వీనిని గనిపెట్టి 1984లోఁ బ్రకటించిన విషయమేమనఁగా: కడుపునిండిన గబ్బిలము ఆఁకలిగొన్నదాని నోటికిఁ దాను త్రాగిన నెత్తురునే కక్కి యందించును. ఇచ్చినదానికిఁ బోవునది కొంత బలము. పుచ్చుకొన్నదానికి దక్కునది ప్రాణము. 2013లోఁ బ్రకటించిన పరీక్షలలో, ఏది దేనికి బెట్టునో చెప్పుటకు రక్తసంబంధముకంటె, అది మునుపు దీనికిఁ బెట్టినదా యన్నదే గట్టి గుర్తని తేలినది. వానికి వ్రాఁత లేదు, చిట్టా లేదు; అయినను జ్ఞాపకమున్నది.

మఱి యెగవేయువారి నడుమ మంచివాఁ డెట్లు నెగ్గును? అమెరికాలో ఆక్సెల్‌రాడు అను నాయన దీనిని బందెముగాఁ బెట్టెను. పలువురు పండితులు తమ తమ యుపాయములను గణనయంత్రమునకు వ్రాసి పంపిరి. రాపొపోర్టు అను నాయన పంపిన మిక్కిలి చిన్న యుపాయమే రెండు పందెములలోను గెలిచినది. అది యేమి? మొదట మేలు చేయుము. తరువాత నెదుటివాఁ డేమి చేసిన నదే చేయుము. ఇంతే. 1984లో నాక్సెల్‌రాడు దీనినిగుఱించి గ్రంథము వ్రాసెను. అయితే దీనికొక లోపమున్నది. పొరపాటున నొకసారి కీడు జరిగినచో, నిరువురును బదులునకు బదులు తీర్చుకొనుచు నెన్నటికిని గలియరు. అప్పుడప్పుడు క్షమించువాఁడే యట్టి లోకమున మేలు పొందునని 1992లో మఱియిద్దఱు పండితులు లెక్కచూపిరి.

ఈ లెక్కలోని సత్యమును నేను కంటఁ జూచితిని. మా ప్రాంతమున నిరువు రన్నదమ్ములుండిరి. తమ్ముఁడు చదివించిన సొమ్ము చిట్టా వ్రాసినవాఁడు పొరపాటున వేఱొకని పేర నెక్కించెను. అన్న యింటివారు "ఏమియు నీయలేదు" అనుకొనిరి. తిరుగు పెండ్లికిఁ బోయి యేమియు నీయలేదు. పదునొకం డేండ్లు వారికి మాటలు లేవు. ఒకసారి క్షమించుటకు నెవ్వరును ముందుకు రాలేదు. కలము జాఱినందుకుఁ గుటుంబము చీలినది.

మూఁడవది ప్రదర్శనము. మగనెమలి యంత పింఛమును మోయుట యేల? పులికిఁ జిక్కు నపాయము గదా. ఇంత బరువును మోసియు బ్రదికియున్నానని చూపుటకే యని 1975లో జహావి అను నిస్రాయేలు పండితుఁడు చెప్పెను. ఖర్చు పెట్టఁగలుగుటయే శక్తికి నిదర్శనము. మన పందిటిలో మొత్తమును గొంతెత్తి చదువుట యిట్టిదే. ప్రదర్శనమున్నచో మోసమును రాక మానదు. ఐరోపాఖండమున నొకజాతి సాలెపురుగు, ఆఁడుదానియొద్దకుఁ బోవునపుడు ఆహారమును బట్టుదారములతోఁ జుట్టి కానుకగాఁ గొనిపోవును. వానిలోఁ గొన్ని, తినివేసిన పురుగు పిప్పినో యెండుపుల్లనో చుట్టి యిచ్చుట గనిపెట్టిరి. నవ్వుచున్నారా? పట్టుదారములలో నెండుపుల్లలను మనమును జుట్టుచున్నాము.

బదులుతో నైదు రూపాయలు తెలిసినవి; ప్రదర్శనముతో నా యైదువందల పదాఱులు తెలిసినవి. బస్తా బియ్యము మిగిలినది.

దానికి సమాధానము నాలవది. టూబీ, కాస్మిడీస్ అను దంపతులు 1996లో నొక చిక్కు నెత్తిచూపిరి. అప్పిచ్చువాఁడు తీర్పఁగలవానికే యిచ్చును. కాని యప్పు మిక్కిలి యక్కఱయైనది తీర్పలేని దశలో నున్నవానికే. కావున నాపదలోఁ బడినవానికి లెక్కచూచువాఁ డెవ్వఁడును దోడురాఁడు. ఇట్టి దినముకొఱకే మనుష్యులలో స్నేహమేర్పడినదని వారి యూహ. స్నేహితుఁడనఁగా, "నీవు తప్ప నాకు వేఱొకఁడు లేఁడు" అని నన్నెంచువాఁడు. వానికి నేను బ్రదికియుండుటయే లాభము. అందుచేత వాఁడు చిట్టా వ్రాయఁడు. మన భాషలో నప్పునకు నోటు, వడ్డీ, గడువు ఉన్నవి. చేబదులునకు నోటు లేదు, వడ్డీ లేదు. పూర్వులు రెంటికి రెండు మాటలు పెట్టినది యూరక కాదు.

ఇందులో మఱియొక సూక్ష్మమున్నది. మాలినోవ్‌స్కీ అను పండితుఁడు పసిఫిక్కు సముద్రమునందలి ట్రోబ్రియాండు దీవులలోఁ గాపురముండి 1922లో నొక గ్రంథము ప్రకటించెను. ఆ దీవులవారు పడవలలోఁ బోయి యెఱ్ఱని గవ్వల హారముల నొకదిక్కుగాను, తెల్లని శంఖకంకణముల నెదురుదిక్కుగాను ద్రిప్పుచుందురు. దీనికిఁ గులా యని పేరు. పుచ్చుకొన్న దానికి బదులు వెంటనే యీయరాదు, బేరమాడరాదు. ఋణము నిలిచియున్నంతకాలము చెలిమి నిలుచును. ఫ్రాన్సుదేశీయుఁడైన మోస్ అను పండితుఁడు 1925లో దీనిని, నితరదేశముల యాచారములను గలిపి విచారించి, యీవిలో నిచ్చుట, పుచ్చుకొనుట, మరల నిచ్చుట యను మూఁడు విధులున్నవని తేల్చెను.

ఈ సూక్ష్మము నాకుఁ బుస్తకములలోఁ గాక మిత్రుని గుమ్మమునొద్దనే ముందు తెలిసినది. మా యమ్మ చెప్పిన మఱునాఁడే బియ్యపుబస్తా బండిమీఁద వేయించుకొని వాని యింటికిఁ బోయితిని. వాఁడు బస్తాను జూచెను, నన్నుఁ జూచెను. "ఏమి పంతులూ! ఇరువదియైదేండ్లకు బాకీ తీర్చవచ్చినావా? తీర్చుకొని పోయి, ఇఁక రాకుందువా?" అనెను. వాని కంట నీరు తిరిగినది. నేను తల వంచుకొని బస్తా వెనుకకుఁ దెచ్చితిని. తొమ్మిదేండ్లు గడచిన పిదప నొకనాఁటి సాయంకాలము వాఁడే మా యింటికి వచ్చి, "నా మనుమనికిఁ జదువు రాకున్నది. రాత్రివేళ నీయొద్దకుఁ బంపుదునా?" అని యడిగెను. నాకుఁ బ్రాణము లేచివచ్చినది. మూఁడేండ్లు వానికిఁ జదువు చెప్పితిని. బియ్యమునకుఁ జదువు బదులా? ఏ త్రాసునఁ దూఁతుము? తూఁపరాదు గనుకనే మా స్నేహ మింకను నిలిచియున్నది.

ఇంతవఱకు శాస్త్రము. ఇందులో నంతయు నున్నదని యనుకొనవలదు. సాలిన్సు అను పండితుఁడు 1976లోనే యీ వాదముల నాక్షేపించుచు, మనుష్యులు బంధువులని యెంచువా రందఱును రక్తలెక్కకు లోఁబడినవారు గారని చూపెను. దత్తపుత్రునికి సర్వస్వము నిచ్చు దేశము మనది. వియ్యపువారికి రక్తము చుట్టము గాదు. సారె పోవుచునే యుండును. భగవద్గీత పదునేడవ యధ్యాయమున, తిరుగ నుపకారము చేయలేనివాని కిచ్చినదే సాత్త్వికదానమనియు, ప్రత్యుపకారము గోరి యిచ్చినది రాజసమనియు విభాగమున్నది. పరిణామశాస్త్రము రాజసమునకు మూలము బాగుగాఁ జెప్పఁగలదు. సాత్త్వికమునకు విత్తనము చూపఁగలదు. ఆ విత్తనమును మొక్కగాఁ బెంచుట మన పని. గుణమునకుఁ బుట్టుక తెలిసినంతమాత్రమున నది ధర్మము గాదు, అధర్మమును గాదు.

కావున గ్రామపెద్దలకు నా మనవి మూఁడు మాటలు.

మొదటిది. పందిటిలో మొత్తము చదువుట మానుఁడు. పేరు చదివి యాశీర్వదించిన జాలును. నూటపదాఱుల పక్కన వేయినూటపదాఱులు చదివినపుడు, వెనుక వరుసలోఁ గూర్చున్న కూలివాని చేయి జేబులోనే నిలిచిపోవును. వడ్డీకిఁ దెచ్చి చదివింపులు పెట్టి, పెండ్లివారు మఱచిన పిదపఁగూడ నప్పు కట్టుచున్నవారిని నేనెఱుఁగుదును. ఇది యీవి గాదు, దండుగ.

రెండవది. చిట్టా వ్రాయుఁడు, తప్పులేదు. పేదవాఁడు తాఁ బొందినదానిని మఱవకుండుట కది సాధనము. కాని చిట్టాలో లేనిదానిని ఇయ్యలేదని నిశ్చయింపకుఁడు. తగవు వచ్చినపుడు రెండుపక్షములవారిని గూర్చుండఁబెట్టి, ఒక తప్పు క్షమింపుఁడని చెప్పుఁడు. పొరపాట్లు జరుగు లోకమున మేలు గూర్చు నుపాయ మదియే.

మూఁడవది. మీ యింటి ముదుసలి స్త్రీల నడుగుఁడు. ఏ పందిటిలోఁ జదువని బియ్యము, ఏ పుటలో నెక్కని పాలు, ఏ రాత్రి దొడ్డిత్రోవను వచ్చిన సాయము, అవి వారికే తెలియును. నేను మా యమ్మ నడుగకయే చిట్టా చూచికొని పోయితిని. ఆమె యిప్పుడు లేదు. ఇంక నెన్ని బస్తాలు వ్రాయకయే పోయినవో నాకుఁ దెలియదు. మీకు దెలిసికొను నవకాశమింకను నున్నయెడల నేఁటి రాత్రియే యడుగుఁడు.